గాబ్లిన్ నన్ను ఏమని పిలవాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని తెలుగులో ఆడాలి. నా వాదన ఇదొక్కటే. ఏదో ఒకసారి సరదాకి కాదు, మనం ఆడితే అలాగే ఆడాలి అంటున్నా. ఏడేళ్ళ తర్వాత ఈ సెమిస్టర్‌లో మళ్ళీ ఈ ఆట మొదలుపెట్టాక నాకు గట్టిగా అనిపించిన విషయం ఇది. తెలుగు క్లబ్ పత్రికలో ఈ అమెరికా ఆట గోలేంటి అనుకుంటున్నారా? కాస్త ఓపిక పట్టండి, చివరికి ఇది మన గోలే. ఆట బాగా తెలిసినవాళ్ళు మాత్రం మొదటి భాగం దాటేసి కిందకి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ఆట తెలియనివాళ్ళ కోసం

స్ట్రేంజర్ థింగ్స్ మొదటి ఎపిసోడ్‌లో నలుగురు పిల్లలు టేబుల్ చుట్టూ కూర్చుని, కొంప మునిగిపోతున్నట్టు అరుచుకుంటూ ఆడేది ఈ ఆటే. ఇందులో గెలిచేవాళ్ళు, ఓడేవాళ్ళు అంటూ ఉండరు. బోర్డు కూడా తప్పనిసరి కాదు. ఒకరు డంజన్ మాస్టర్, అంటే డీఎం. "మీ ముందు పాడుబడ్డ కోట ఉంది, తలుపు ఓరగా తెరిచి ఉంది" అని డీఎం చెప్తారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ, ఒకరు యోధురాలు. "నేను తలుపు తోస్తా", "ఆగు, ముందు చెవి పెట్టి విందాం" అంటూ వాళ్ళు ఏం చేస్తారో వాళ్ళే చెప్తారు. పని అవుతుందో లేదో అనుమానం ఉన్న చోట 20 ముఖాల పాచిక వేస్తారు. పడిన అంకెకి మీ పాత్ర బలమో తెలివో కలిపితే, డీఎం పెట్టిన అంకెని అందుకోవాలి. అందుకుంటే అయినట్టు, లేకపోతే కథ ఇంకో దారి పడుతుంది.

కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి నచ్చే రూల్ ఒకటి చెప్తా. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో "అడ్వాంటేజ్" అని ఉంది. పరిస్థితి మీకు అనుకూలంగా ఉంటే పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. 11 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ పడాలనుకుందాం. ఒక్కసారి వేస్తే అవకాశం 50 శాతం, అడ్వాంటేజ్‌తో 75 శాతం. పరిస్థితి ఎదురుతిరిగితే రెండుసార్లు వేసి చిన్న అంకె తీసుకోవాలి, అప్పుడు 25 శాతం. పెద్ద పట్టికలు, కూడికలు తీసివేతలు ఏవీ అక్కర్లేదు. ఇంత చిన్న రూల్‌తో ఇంత పని చేయించడం చూస్తే, కోడ్ రాసే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

ఈ ఆట 1974లో పుట్టింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తయారు చేశారు. అంతకుముందు వీళ్ళిద్దరూ చిన్న చిన్న బొమ్మ సైనికులతో యుద్ధాల ఆటలు ఆడేవాళ్ళు. ఆ ఆటల్లో ఒక ఆటగాడి చేతిలో ఒక సైన్యం ఉంటుంది. సైన్యం బదులు ఒకే ఒక్క మనిషిని ఇస్తే ఏమవుతుంది, ఆ మనిషి ఈ వారం బతికితే వచ్చే వారం కూడా వాడితోనే ఆడితే ఎలా ఉంటుంది అన్న ఆలోచన నుంచి ఈ ఆట వచ్చింది. ఒక అట్టపెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, మొదటి ముద్రణ 1,000 కాపీలు. తర్వాత కంపెనీలు చేతులు మారాయి, ఎడిషన్లు మారాయి, 2024లో రూల్స్ ఇంకోసారి సవరించారు. కానీ మొదటి రోజు నుంచీ మారనిది ఒకటుంది. ఈ ఆటలో మీరు చేసే పని మాట్లాడటమే. కత్తి దూసినా, గోడ దూకినా, రాజుగారికి అబద్ధం చెప్పినా, నోటితో చెప్తేనే జరిగినట్టు.

ఆట మొత్తం మాటే అయినప్పుడు, ఆ మాట ఏ భాషలో ఉందన్నది చిన్న విషయమెలా అవుతుంది?

ఏడేళ్ళ నాటి పెట్టె

2018 వేసవి సెలవుల్లో అమెరికా నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకు తన బ్యాగులో డంజన్స్ అండ్ డ్రాగన్స్ స్టార్టర్ సెట్ పెట్టుకొచ్చాడు. అప్పుడు నాకు 12. ఆ పెట్టెలో సన్నటి రూల్స్ పుస్తకం, "లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్" అనే సాహసం, ముందే తయారు చేసిన ఐదు పాత్రలు, ఆరు పాచికలు ఉన్నాయి. తెనాలిలో అమ్మమ్మ వాళ్ళ డాబా మీద మూడు వారాలు ఆడాం. ఆట మొత్తం ఇంగ్లీషులోనే. అన్నయ్యకి తెలుగు అంతంత మాత్రం. నాకేమో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే స్కూలు. అసలు డ్రాగన్లు ఇంగ్లీషులో తప్ప మాట్లాడవని మా ఇద్దరికీ గట్టి నమ్మకం. సెలవులు అయిపోయాయి, అన్నయ్య వెళ్ళిపోయాడు. పాచికలు నా పెన్సిల్ బాక్సులో ఉండిపోయాయి. ఆ తర్వాత ఫౌండేషన్ క్లాసులు, ఇంటర్, ఎంట్రన్సులు. ఆ భాగం మీ అందరికీ తెలిసిందే.

ఈ సెమిస్టర్‌లో హాస్టల్‌లో ఆరుగురం కలిసి మళ్ళీ మొదలుపెట్టాం. వాళ్ళలో ముగ్గురు బాల్డర్స్ గేట్ 3 ఆడి ఈ ఆట మీద మోజు పెంచుకున్నవాళ్ళు. డీఎం నేనే, సాహసం అదే పాత ఫాండెల్వర్. తిరిగొచ్చిన ఎవరైనా ముందు చూసేది ఏం మారిందా అని. చాలానే మారింది. 2024 పుస్తకంలో "రేస్" అనే మాట పోయి "స్పీషీస్" వచ్చింది. బలం, తెలివి లాంటి వాటికి వచ్చే అదనపు పాయింట్లు ఇప్పుడు నువ్వు ఏ జాతిలో పుట్టావన్న దాన్ని బట్టి కాదు, ఇన్నాళ్ళూ ఏం చేస్తూ బతికావన్న దాన్ని బట్టి వస్తాయి. ఈ మార్పు నాకు నచ్చింది. పాత డీఎంలు దీని మీద ఎంతైనా కొట్టుకోనివ్వండి, మా టేబుల్ దగ్గర పది నిమిషాల్లో తేలిపోయింది.

తేలనిది భాష. మొదటి వారం అలవాటుగా ఇంగ్లీషులోనే మొదలుపెట్టాం. అప్పుడు ఒకటి గమనించా. నేను చదివే వర్ణన ఇంగ్లీషులో, రూల్స్ ఇంగ్లీషులో, "ఐ అటాక్ ద గాబ్లిన్" ఇంగ్లీషులో. పొదల్లోంచి గాబ్లిన్లు దూకగానే మాత్రం "ఒరేయ్ చచ్చాం రా!", "వెనక్కి రా, వెనక్కి రా!", "నీకు చెప్పానా లేదా?" అన్నీ తెలుగే. అంటే మా పాత్రలు ఇంగ్లీషులో ఉన్నాయి, భయపడుతున్న మేము తెలుగులో ఉన్నాం. ఇద్దరి మధ్యా ఓ గోడ. రెండో వారం ఆ గోడ తీసేశాం.

అన్నా, అమ్మగారూ, ఒరేయ్

ఫాండెల్వర్ ఆడాలనుకునేవాళ్ళు ఈ భాగం దాటేయండి, కథ బయటపడుతుంది.

మొదటి గుహలోనే ఒక ఘట్టం ఉంది. యీమిక్ అనే గాబ్లిన్ అక్కడి ముఠాలో రెండో స్థానంలో ఉంటాడు. వాడి పైవాడు క్లార్గ్. యీమిక్ దగ్గర సిల్దార్ అనే యోధుడు బందీగా ఉంటాడు. సిల్దార్‌ని గట్టు అంచుకి లాక్కొచ్చి, కిందకి తోసేస్తానని బెదిరించి, యీమిక్ ఒక బేరం పెడతాడు. మీరు వెళ్ళి క్లార్గ్‌ని చంపి తల తెస్తే వీణ్ణి వదిలేస్తా అని. వాడికి కావాల్సింది పైవాడి కుర్చీ.

2018లో ఈ ఘట్టం మాకు రెండు నిమిషాలు పట్టింది. ఇంగ్లీషులో యీమిక్ అందరినీ "యూ" అన్నాడు, మేమూ వాణ్ణి "యూ" అన్నాం, బాణం వేసేశాం, అయిపోయింది. ఈసారి తెలుగులో నోరు తెరవబోయి ఆగిపోయా. ఈ గాబ్లిన్ వీళ్ళని ఏమని పిలవాలి? నువ్వా, మీరా? ఇంగ్లీషులో ఈ ప్రశ్నే రాదు. తెలుగులో ఇది తేల్చుకోకుండా ఒక్క వాక్యం కూడా పూర్తవదు, క్రియ చివర్లో కూర్చుని ఉంటుంది మరి.

చివరికి మా యీమిక్ ముందున్న యోధుణ్ణి "అన్నా, ఒక్క మాట" అన్నాడు. మంత్రగత్తె వైపు తిరిగి "అమ్మగారూ, మీరైనా చెప్పండి" అన్నాడు. బందీని మాత్రం "నోర్మూసుకోరా" అన్నాడు. మూడే మాటలు. వాడికి ఎవరంటే భయం, ఎవరితో పని పడింది, ఎవరంటే లెక్కలేదు అన్నీ టేబుల్ చుట్టూ ఉన్న ఐదుగురికీ అర్థమైపోయాయి. నేను ఏమీ వివరించలేదు. యోధుడు వెంటనే "ఎవడ్రా నీకు అన్న?" అన్నాడు. మంత్రగత్తె వాణ్ణి మోచేత్తో పొడిచి "నువ్వాగు. ఏమయ్యా, నీ పేరేంటి?" అని అడిగింది. "ఒరేయ్" నుంచి "ఏమయ్యా" కి వచ్చిందంటే బేరం మొదలైనట్టే. ఇంకో పావుగంటకి ఒకడు "యీమిక్ గారూ" అనడం కూడా మొదలుపెట్టాడు, సగం వెటకారం, సగం అవసరం. ఆ ఒక్క ఘట్టం నలభై నిమిషాలు నడిచింది.

ఇంకా ఉంది. క్లార్గ్ చచ్చాక యీమిక్ మాట తప్పి, బందీకి డబ్బులు అడగాలని పుస్తకంలో ఉంది. వీళ్ళు తల పట్టుకుని తిరిగొచ్చారు. నేను యీమిక్ గొంతుతో "ఏంట్రా, అప్పుడే వచ్చేశారా?" అన్నా, అంతే. డబ్బు మాట ఇంకా ఎత్తలేదు. మంత్రగత్తె ఆడే అమ్మాయి పాచిక చేతిలోకి తీసుకుని "వీడు తేడా కొట్టాడ్రోయ్" అంది. ద్రోహం అంతా ఆ "రా"లో ఉంది. ఈ పని ఇంగ్లీషులో చేయాలంటే నేను నటుణ్ణయినా అయ్యుండాలి, రచయితనైనా అయ్యుండాలి. తెలుగులో భాషే చేసి పెట్టింది.

మా తరం ఇంగ్లీషు మీడియం వాళ్ళకి తెలుగు మర్యాదలు, వరసలు అంటే పెళ్ళిళ్ళలో వచ్చే తలనొప్పి. ఎవరిని బాబాయ్ అనాలి, ఎవరిని మావయ్య అనాలి అని అమ్మ చెవిలో అడుగుతాం. అదే సంగతి ఈ టేబుల్ దగ్గర ఆయుధంలా పనికొచ్చింది. ఏ ఆటగాళ్ళ చేతిలో ఆ ఆయుధం ఉంటే వాళ్ళ ఆట బాగుంటుంది.

యాస ఎవరిది?

తెలుగులో ఆడదాం అని తేల్చుకున్న రోజే, పాలమూరు నుంచి వచ్చిన మా ఫ్రెండ్ ఒక షరతు పెట్టాడు. "గాబ్లిన్లకి మా యాస పెడితే నేను లేచిపోతా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నవ్వు కోసం అనలేదు.

చాలా ఏళ్ళు తెలుగు సినిమాల్లో హీరో ఒక రకంగా మాట్లాడేవాడు, రౌడీకీ కమెడియన్‌కీ తెలంగాణ యాస. శ్రీకాకుళం యాస అంటే పనిమనిషి, అమాయకుడు. ఇప్పుడు తెలంగాణ యాసలో హీరోలు వస్తున్నారు, మంచిదే. కానీ అలవాటు ఎక్కడికీ పోలేదు. ఐదుగురు తెలుగు కుర్రాళ్ళు ఒక గదిలో కూర్చుని రాక్షసుడి గొంతు పెట్టమంటే నోటికి ఏ యాస వస్తుందో గమనించండి. పుస్తకంలో లేని పక్షపాతం మన నోట్లో ఉంటుంది. ఇంగ్లీషులో ఆడితే ఇది కనబడదు, అంతమాత్రాన లేనట్టు కాదు. అమెరికా టేబుళ్ళలోనూ మరుగుజ్జులకి స్కాట్లాండ్ యాస పెట్టడం ఒక అలవాటు, అదెందుకో వాళ్ళనే అడగాలి.

మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. డీఎం తన ఊరి యాస మాత్రమే చెడ్డవాళ్ళకి పెట్టాలి. కాబట్టి మా గాబ్లిన్లందరిదీ తెనాలి. యీమిక్ అచ్చం మా చుట్టాల్లో ఒకాయన లాగే మాట్లాడతాడు, ఆయన పేరు ఇక్కడ రాస్తే నాకు సంక్రాంతికి భోజనం ఉండదు. ఇక సిల్దార్ ఉన్నాడు కదా, బందీ. పుస్తకం ప్రకారం ఆయన పెద్దమనిషి, మాట మీద నిలబడే యోధుడు. ఆయన గొంతు నేను పాలమూరు వాడికి ఇచ్చేశా. గట్టు అంచున, చేతులు కట్టేసి ఉన్న సిల్దార్ అన్నాడు: "నా గురించి ఫికరు చెయ్యకుండ్రి. ముందుగాల మీ పానాలు కాపాడుకోండ్రి."

ఎవరూ నవ్వలేదు. ఆ మాటకి ఇద్దరు ఆటగాళ్ళు ఆయన్ని ఎలాగైనా విడిపించాలని తీర్మానించుకున్నారు. పాచిక కూడా వేయలేదు.

ఇలాంటి పని ఒక్క సినిమా చేయాలంటే కోట్లు కావాలి. మాకు ఒక గది, ఒక పాచిక, రెండు బిస్కెట్ ప్యాకెట్లు సరిపోయాయి. భాషా సమానత్వం గురించి మా క్లబ్బులో చర్చలు పెడతాం, మంచివే. కానీ చర్చలో ఎవరి వాదన వాళ్ళు చేస్తారు. ఆటలో ఒకరి గొంతు ఇంకొకరు వింటారు.

గడ్డపారా, గునపమా?

తెలుగులో మొదలుపెట్టగానే మాకు తగిలిన దెబ్బ ఏంటంటే, మాటల్లేవు. గుహ, కత్తి, దెయ్యం వరకు బానే ఉంది. ఆ తర్వాత? కోట చుట్టూ నీళ్ళున్న గుంటని ఏమంటారు? తడిగా, కాలు దిగబడే నేలని? కోట మూలల్లో గుండ్రంగా ఉండేదాన్ని? సినిమాల్లో విన్నాం, బాహుబలిలో చూశాం కూడా, పేరు మాత్రం నోటికి రాదు.

అందుకని ఒక నోట్‌బుక్ పెట్టాం. మాట దొరక్కపోతే ఆట ఆపం. అప్పటికి ఇంగ్లీషు మాటే వాడేసి నోట్‌బుక్‌లో రాసుకుంటాం. వారంలో ఎవరో ఒకరు ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటారు. అలా వచ్చినవే అగడ్త, చిత్తడి, బురుజు, నేలమాళిగ, దివిటీ, తోలు తిత్తి. డంజన్ అంటే నేలమాళిగ అని తెలిసిన రోజు మాకు నిధి దొరికినంత పనైంది.

సామాన్ల పట్టీ దగ్గర ఇంకో గమ్మత్తు. ఆటలో ప్రతి సాహసికుడి సంచిలో తాడు, సుత్తి, మేకులు, క్రోబార్ లాంటివి ఉంటాయి. క్రోబార్‌ని పాలమూరు వాడు గడ్డపార అన్నాడు, ఒకరు గునపం అన్నారు, ఇంకొకరు పలుగు అన్నారు. మూడింటికీ మూడు తరాల వాదన జరిగింది. చివరికి ఎవరి సంచిలో ఉన్నదాన్ని వాళ్ళ ఊరి పేరుతోనే రాసుకున్నాం.

ఇక రూల్స్ మాటలు. ఇక్కడ నా అభిప్రాయం కాస్త గట్టిది. అన్నిటికీ సంస్కృతం కలిపి కొత్త పేర్లు పెట్టే పని వద్దు. ప్రతి ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజుకి దండ వేస్తాం. ఆయన జీవితమంతా కొట్లాడింది జనం నోట్లో ఉన్న తెలుగు రాతలోకి రావాలని. ఆయన పేరు చెప్పుకుని "సంరక్షణ ప్రక్షేపం" అని రాస్తే బాగోదు. మా టేబుల్ దగ్గర సేవింగ్ త్రో అంటే "కాచుకో". మంట మీదకి వస్తోంది, కాచుకో, పాచిక వెయ్. అడ్వాంటేజ్ అంటే "పైచేయి". హిట్ పాయింట్లు "ప్రాణం". "నీకు ప్రాణం ఎంత ఉంది?" "నాలుగు." ఇంతకన్నా భయపెట్టే మాట ఇంగ్లీషులో లేదు. డీఎంకి "సూత్రధారి" అని పెట్టి చూశాం, రెండు వారాలు కూడా నిలబడలేదు. మళ్ళీ డీఎం అయిపోయింది. లెవెల్, స్పెల్, డైస్ అలాగే ఉన్నాయి. బస్సు, రైలు లాగే అవీ మనవైపోతాయి, తొందరేం లేదు.

పరాయి ఆట కాదా?

కాదు. కావాలంటే వాళ్ళ రాక్షసుల పుస్తకం తెరిచి చూడండి. 1977లో వచ్చిన మొదటి మాన్‌స్టర్ మాన్యువల్‌లోనే "రాక్షస" ఉన్నాడు. ఇప్పటికీ ఉన్నాడు, పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులతో. నాగ కూడా ఉంది. వాళ్ళు మన దగ్గర్నుంచి అప్పు తీసుకుని యాభై ఏళ్ళు కావస్తోంది. ఆ పులి తల మన కథల్లో ఎక్కడిదో నాకైతే కనబడలేదు గానీ, దాన్ని సరిచేసి ఆడుకునే హక్కు మాత్రం మనకుంది.

అంతకన్నా లోతైన పోలికలున్నాయి. ఆటలో లిచ్ అనే మాంత్రికుడు తన ప్రాణాన్ని ఒక పెట్టెలో దాచుకుంటాడు. ఆ పెట్టె దొరికేవరకూ వాణ్ణి ఎన్నిసార్లు చంపినా లేస్తాడు. రెండో సెషన్ తర్వాత ఇది చెప్తుంటే మా రూమ్మేట్ "ఓహ్, చిలక కేసా" అన్నాడు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్నట్టే కదా. మా అమ్మమ్మకి లిచ్ గురించి చెప్తే ఐదు నిమిషాల్లో వాణ్ణి ఎలా చంపాలో చెప్పేస్తుంది.

రూల్స్‌లో సందులు వెతికేవాళ్ళు ప్రతి టేబుల్ దగ్గరా ఉంటారు. వాళ్ళకి మన పూర్వీకుడు హిరణ్యకశిపుడు. పగలు కాదు, రాత్రి కాదు, ఇంట్లో కాదు, బయట కాదు అని ఎన్ని కండిషన్లు! దానికి నరసింహుడు చూపించింది అచ్చంగా ఎడ్జ్ కేస్. టెస్టింగ్ చేసే ఎవరైనా ఆ కథ చదివి తీరాలి. పాతాళ భైరవి, విఠలాచార్య సినిమాలు, చందమామలో బేతాళ కథలు చూసి, చదివి పెరిగిన మన తాతల తరానికి ఈ ఆట ఒక్క పూటలో అర్థమవుతుంది. కష్టమంతా మనకే.

ఇందుకు దారి తెరిచే ఉంది

ఇప్పుడు పనికొచ్చే సంగతి. 2023 జనవరిలో ఆ ఆట హక్కులున్న విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, ఇతరులు ఆ రూల్స్ వాడుకునే పాత లైసెన్స్‌ని బిగించాలని చూసింది. ఆ ముసాయిదా బయటికి పొక్కింది. ఆటగాళ్ళు, చిన్న ప్రచురణకర్తలు పెద్ద ఎత్తున ఎదురుతిరిగారు. అదే నెలాఖరుకి కంపెనీ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేసింది. 400 పేజీల పత్రం అది. పేరు ప్రస్తావిస్తే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు, అనువదించవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఇచ్చిన ఆ అనుమతిని వెనక్కి తీసుకోవడం కుదరదు. 2025లో కొత్త రూల్స్‌కీ అలాంటి పత్రమే ఇచ్చారు. ఫాండెల్వర్ లాంటి కథలు, వాళ్ళ ప్రపంచం అందులో లేవు, రూల్స్ మాత్రమే ఉన్నాయి. మరీ మంచిది. ప్రపంచం మనం కట్టుకుందాం.

ఆ పత్రం ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ భాషల్లోకి కంపెనీయే తెచ్చింది. తెలుగు కోసం వాళ్ళు వస్తారని ఎదురుచూడటం దండగ. మనకి 400 పేజీలు అక్కర్లేదు కూడా. కొత్తవాళ్ళు కూర్చుని ఆడటానికి పాత్ర తయారీ, పాచిక రూల్, పోరాటం, ఓ పది మంత్రాలు, ఓ పది జీవులు చాలు. ఎనిమిది పేజీలు. ఓపెన్ సోర్స్‌లో మొదటి కంట్రిబ్యూషన్ ఎక్కడ చేయాలా అని ప్రతి ఏడాది వెతుక్కుంటాం కదా, ఇది చేయండి. మా నోట్‌బుక్‌లో ఉన్న మాటలన్నీ నేను గిట్‌హబ్‌లో పెడతా.

అడిగేవాళ్ళకి

"తెలుగు రానివాళ్ళ సంగతేంటి?" ఇది న్యాయమైన ప్రశ్న. మా ఆరుగురిలో ఒకడిది రాయ్‌పూర్, వాడికి తెలుగు సగమే వచ్చు. దీనికి జవాబు ఆటలోనే దొరికింది. ఆ ప్రపంచంలో అందరికీ తెలిసిన భాషని "కామన్" అంటారు, అది కాక ఎల్ఫులకి ఒకటి, మరుగుజ్జులకి ఒకటి ఉంటాయి. మా టేబుల్ దగ్గర కామన్ అంటే తెలుగు, ఎల్ఫుల భాష హిందీ. వాడు కొత్తగా ఊళ్ళోకి వచ్చిన ఎల్ఫ్. గాబ్లిన్లకి తెలియకుండా ఏదైనా చెప్పుకోవాలంటే హిందీ వచ్చిన ఇద్దరూ అందులో గుసగుసలాడతారు. వాడి తెలుగు ఈ రెండు నెలల్లో చాలా బాగుపడింది, తిట్లతో సహా. అయినా వాడికి మా కన్నా కష్టం ఎక్కువన్నది నిజం, అందుకే వాడి మాటకి మేం ఆగుతాం. ఆగడానికి ఇష్టపడని టేబుల్ తెలుగులో ఆడకపోవడమే మంచిది.

"ఏఐ చాట్‌బాట్‌ని డీఎంగా పెట్టుకోవచ్చుగా?" పెట్టి చూశాం. అలసిపోదు, ఎన్ని కథలైనా చెప్తుంది. కానీ అడిగిందల్లా ఒప్పేసుకుంటుంది. దాని గాబ్లిన్ పాఠ్యపుస్తకంలా మాట్లాడాడు, అందరినీ "మీరు" అన్నాడు. పోనీ రేపు అదీ నేర్చుకుంటుంది అనుకుందాం. అప్పుడు కూడా మాట్లాడే పని అది చేస్తుంది, మనం టైప్ చేస్తాం. నాకు కావాల్సింది మనం మాట్లాడటం.

"టైమ్ ఎక్కడిది?" శనివారం రాత్రి మూడు గంటలు. అదే మూడు గంటలు ఒకే గదిలో ఆరుగురం ఆరు ఫోన్లలో రీల్స్ చూస్తూ గడిపిన రోజులు లెక్కేస్తే ఈ ప్రశ్న మీరే వెనక్కి తీసుకుంటారు.

మనలో చాలామందికి తెలుగు ఇంట్లో "అన్నం పెట్టమ్మా" దగ్గర, బయట సినిమా డైలాగు దగ్గర ఆగిపోయింది. ఏదైనా కొత్తగా ఊహించాలంటే ఇంగ్లీషులోకి వెళ్ళిపోతాం. లేని కోటని కట్టాలన్నా, లేని మనిషి కోసం బాధపడాలన్నా. ఒక భాషలో ఊహించడం మానేస్తే, ఆ భాషలో చెప్పిందే చెప్పుకుంటూ ఉంటాం. ఈ ఆట వారానికి మూడు గంటలు మనతో ఊహింపజేస్తుంది, అదీ వెంటనే, ఎదురుగా ఐదుగురు కూర్చుని చూస్తుండగా. పోటీలో వ్యాసం రాసి సర్టిఫికెట్ తీసుకోవడం కన్నా ఇదే నాకు తెలుగు ఎక్కువ నేర్పింది.

క్లబ్ వాళ్ళని నేను అడిగేది ఇంతే. వచ్చే నెల కార్యక్రమాల్లో ఒక సాయంత్రం దీనికి ఇవ్వండి. ఐదుగురికి ఒక టేబుల్ చొప్పున ఎన్ని టేబుళ్ళు నిండితే అన్ని. పాచికలు లేకపోయినా ఫర్వాలేదు, ఫోన్‌లో వేసుకోవచ్చు. డీఎంగా కూర్చోవడానికి మా ఆరుగురం సిద్ధం. మీ ఊళ్ళో గడ్డపారని ఏమంటారో మాత్రం కనుక్కుని రండి.